మీ కాలే నా కాలు

ఇంటి ముందు కారు ఉండగా నేను బస్సుకి బయల్దేరితే మా ఆవిడ ఎందుకని అడగలేదు. బాబాయిగారు పోయి అప్పటికి పదహారు రోజులైంది. పోయిన రోజు ఫోన్ వస్తే, కాలేజీలో పరీక్షల డ్యూటీ ఉందని చెప్పాను. డ్యూటీ ఉన్న మాట నిజమే. ఇంకొకరికి అప్పజెప్పి వెళ్ళొచ్చన్న మాటా నిజమే. పెద్దకార్యం నాటికి అలాంటిదే ఇంకో సాకు దొరికింది. సాకులు దొరకడంలో నాకెప్పుడూ లోటు లేదు. ఇక ఇప్పుడూ వెళ్ళకపోతే నేను మనిషినే కాదనిపించి, అమలాపురంలో అల్లవరం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. మా వైపు నాలుగుసార్లు పలకరించుకుంటే చాలు, వరసలు కలిసిపోతాయి. ఆయన బాబాయిగారయ్యారు, ఆయన భార్య పిన్నిగారయ్యారు, నేను మాత్రం ఆయనకి చివరిదాకా మాస్టారునే.

ఆయన్ని మొదట చూసింది పెట్రోలు బంకులో. నా పాత కారు వచ్చి ఆగగానే, పక్కన మోపెడ్‌లో పెట్రోలు పోయించుకుంటున్న ఒక పెద్దాయన, మూత బిగించడం కూడా మర్చిపోయి, నా ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నారు. మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచె, భుజాన తువ్వాలు. చక్రం దగ్గర చెవి పెట్టి విన్నారు. ముక్కు పెట్టి వాసన చూశారు. అప్పుడు లేచి నా వైపు తిరిగారు.

"మాస్టారూ, మీ ముందు చక్రం ఏడుస్తోందండీ."

నేను మాస్టారునని ఎలా తెలిసిందని అడిగాను.

"జేబులో మూడు పెన్నులున్నాయి. ఒక్కదానికీ మూత లేదు" అన్నారు.

నాకు కాస్త గుచ్చుకుంది గానీ, నవ్వేశాను. ఎవరేమన్నా నవ్వేయడం నా అలవాటు. ఆయన నవ్వలేదు. "నవ్వకండి. బ్రేకు ప్యాడ్లు అరిగిపోయేయి. ఇనుముకి ఇనుము రాసుకుంటోంది. ఇంటికి రండి" అని, అల్లవరం రోడ్డులో కాలవ గట్టు మీద తన ఇల్లెక్కడో చెప్పి వెళ్ళిపోయారు. వెళ్ళకుండా ఉండడానికి నాకు ధైర్యం చాలలేదు.

ముప్పై ఏళ్ళు ఆయన గోదావరి మీద పంటు నడిపారు. మనుషుల్నీ, మోటారుసైకిళ్ళనీ, కార్లనీ ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి చేర్చే పెద్ద బల్లకట్టు అది. "ముప్పయ్యేళ్ళు బ్రేకు లేని బండి నడిపేనండీ" అనేవారు. "నీళ్ళ మీద ఆపాలంటే అరగంట ముందే అనుకోవాలి. నేల మీద మనుషులకి కాలి కింద బ్రేకుంది, దాన్ని ఎవడూ పట్టించుకోడు." అందుకేనేమో, పంటు దిగిపోయాక ఆయన బ్రేకులు పట్టుకున్నారు. తెలిసినవాళ్ళ కార్లకే చేసేవారు, ఇంటి దగ్గరే, పెరటి పాకలో. ఇంజను ముట్టుకునేవారు కాదు. "ఇంజను చెడితే బండి ఆగుతుంది. దానికి మెకానిక్కులున్నారు. బ్రేకు చెడితే ఆగదు. అది నాకొదిలేయండి" అనేవారు.

కారు పాకలోకి తీసుకెళ్ళే ముందు తల పైకెత్తి చూడడం ఆయన అలవాటు. కొబ్బరిచెట్టు కింద బండి పెట్టనిచ్చేవారు కాదు. కోనసీమలో కొబ్బరిచెట్టు లేని చోటు కావాలంటే ఎక్కడికి పోతాం? అందుకని పాక చుట్టూ ఉన్న నాలుగు చెట్లూ మొదలంటా కొట్టించేశారు. కాసే చెట్లు కొట్టిన మనిషని ఊళ్ళో చెప్పుకునేవారు. పిన్నిగారు ఆ మొద్దుల మీద కూర్చుని బియ్యం ఏరుకునేవారు.

ఆయనతో వచ్చిన అసలు చిక్కు చెట్లది కాదు. ఆయనకి మొహమాటం లేదు. పెళ్ళి భోజనంలో పెళ్ళికూతురి తండ్రి విస్తళ్ళ మధ్య తిరుగుతూ, "పప్పు ఎలా ఉందండీ?" అని అడిగితే, వరసంతా "అమోఘమండీ" అంటుంటే, ఈయన ఒక్కరు తల ఎత్తి, "ఉప్పు రెండింతలు పడిందండీ. ఇంకో బంతి కూర్చోకముందే చూడండి" అన్నారు. నేను ఆ విస్తట్లోనే తల దూర్చేశాను. రెండో బంతికి పప్పు సరిచేసి వడ్డించారట. అయినా ఆ పెళ్ళివారు మళ్ళీ ఆయన్ని ఏ శుభకార్యానికీ పిలవలేదు.

ఇంకో నిషేధం కూడా ఉండేది. ఆయన పాకలో ఆయ్ అనకూడదు. అది మా మనుషుల్ని ఊపిరి పీల్చొద్దన్నట్టే. అడిగినదానికల్లా ఆయ్ అనడం మాకు ఉగ్గుపాలతో వచ్చింది. విన్నా, వినకపోయినా, చేసినా, చేయబోతున్నా, ఎదుటివాడు నొచ్చుకోకుండా ముందు ఆయ్ అనేస్తాం. పిన్నిగారైతే దానితోనే కాపురం నడిపారు. వానొస్తోందే అన్నా ఆయ్, కరెంటు పోయిందే అన్నా ఆయ్, నేను చచ్చిపోతే ఏం చేస్తావే అన్నా ఆయ్. "నలభయ్యేళ్ళయింది మాస్టారూ. మా ఆవిడ నా మాట వింటుందో లేదో ఇప్పటికీ తెలీదు" అని ఆయన వేళాకోళం చేసేవారు. ఆవిడ గుమ్మంలోంచి దానికీ ఆయ్ అనేవారు.

ఎందుకంత పట్టుదలని ఒకసారి అడిగాను. అప్పుడు ఆయన చేతులు తుడుచుకుంటున్నారు. తుడుచుకోవడం ఆపలేదు.

"ఒక రేవులో పంటు ఒడ్డుకి తెచ్చేనండీ. తాడు కట్టేవా అని అరిచేను. ఒడ్డు మీది మనిషి ఆయ్ అన్నాడు. నేను పంటు తలుపు ఒడ్డు మీదికి దింపించేను. జనం దిగుతున్నారు. తాడు కట్టలేదు మాస్టారూ. కట్టబోతున్నాడు. నీటికి పంటు జరిగింది. సందులో ఒకావిడ కాలు పడింది. జరిగిన పంటు మళ్ళీ వచ్చి ఒడ్డుకి ఆనుకుంది."

ఆయన వేళ్ళ సందులు ఒక్కొక్కటే తుడుచుకున్నారు.

"కూతురికి సంబంధం ఖాయం చేసుకోడానికి వెళ్తోందట. పళ్ళ సంచీ చేత్తో అలాగే పట్టుకునుంది. మోకాలి కింద తీసేసేరు." తువ్వాలు దండెం మీద ఆరేసి, ఆయన నా వైపు తిరిగారు. "ఆ తాడు మనిషి చెడ్డవాడు కాదండీ. నాకంటే పెద్దాయన. నేను అడిగేను, లేదంటే బాగోదని ఆయ్ అన్నాడు. అంతే."

అది విన్న రోజు నుంచి ఆ పాకలో నేను నోరు దగ్గర పెట్టుకున్నాను.

ఆయన పనిలో ముఖ్యమైనది గాలి తీయడం. చక్రంతో తిరిగే పళ్ళేన్ని రెండు వైపులనుంచీ బిగించి పట్టే ఇనప దవడ ఒకటుంటుంది, కాలిపర్ అంటారు. అది మార్చినప్పుడు గొట్టం విప్పాలి. విప్పితే బ్రేకు ఆయిల్‌లోకి గాలి దూరుతుంది. ఆయిల్‌ని తొక్కితే అది చక్రాన్ని పట్టుకుంటుంది. గాలిని తొక్కితే అది నలిగి ఊరుకుంటుంది, చక్రం తన దారిన తాను పోతుంది. అందుకని ఒకరు కార్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి. రెండోవారు చక్రం దగ్గర కాలిపర్‌కి ఉన్న నిప్పిల్ అనే చిన్న చిల్లుమరని పానాతో కాస్త వదులు చెయ్యాలి. గాలీ ఆయిలూ కలిసి బయటికొస్తాయి. నిప్పిల్ బిగించేదాకా పెడల్ వదలకూడదు. వదిలితే బయట గాలి మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే గొట్టం ముక్క ఆయన దగ్గర ఉండేది. దాని ఒక చివర నిప్పిల్‌కి తొడిగి, రెండో చివర ఉసిరికాయ పచ్చడి సీసాలో ముంచేవారు. సీసా అడుగున రెండంగుళాల ఆయిల్. గొట్టంలోంచి బుడగ వస్తే, "వచ్చేడండీ దొంగ" అనేవారు. ఒక్కో దొంగనీ లెక్కపెట్టేవారు. బుడగలు ఆగిపోయినా ఇంకో పదిసార్లు తొక్కించేవారు. చెక్క సుత్తితో కాలిపర్‌ని మెల్లిగా తట్టి, మళ్ళీ సీసా వైపు చూసేవారు.

తొక్కే పని ఎప్పుడూ నాదే. కార్లో కూర్చుంటే ఆయన కనపడరు. గొంతొక్కటే చక్రం దగ్గర్నించి వచ్చేది.

"తొక్కండి."

"తొక్కేను."

"పట్టేరా?"

"పట్టేను."

"కిందకెళ్ళిందా?"

"వెళ్ళిందండీ."

"బిగించేను. ఇప్పుడొదలండి."

అంతా అయ్యాక ఆయన వచ్చి కిటికీలోంచి నా మొహంలోకి చూసి అడిగేవారు. "పెడల్ ఎలా ఉంది? గట్టిగా ఉందా?" నేను ఉందంటే మళ్ళీ అడిగేవారు. "నిజం చెప్పండి." ఆయన తనే తొక్కి చూసుకోవచ్చు కదా అనిపించి, ఒకసారి ఆ మాటే అన్నాను. ఆయన చెప్పు విడిచి, అరికాలు పైకెత్తి చూపించారు. మడమ మీద పాత గాయం, దాని పక్కన ఎప్పుడు దిగిందో తెలీని చిన్న గాజు పెంకు మచ్చ.

"షుగరొచ్చి పదేళ్ళయిందండీ. నిప్పు మీద పెట్టినా తెలీదు. మెత్తనో గట్టినో నా కాలికి తేడా లేదు. మీ కాలే నా కాలు మాస్టారూ."

అలాంటి కాళ్ళు పెట్టుకుని, గాలి తీసిన బండిని మొదట ఆయనే నడిపేవారు. మొదటి తిప్పు నాది అని తాళం చెవి లాక్కునేవారు. ఇంకెవర్నీ ఎక్కనిచ్చేవారు కాదు, బండి గలవాణ్ణి కూడా. "నా చేత్తో తీసిన గాలి. ఉంటే నాకే తగలాలి" అనేవారు. కాలవ గట్టునే అర కిలోమీటరు వెళితే లాకులూ, వాటి పక్కన ఎత్తైన వంతెనా ఉన్నాయి. వంతెన దిగగానే రోడ్డు ఒక్కసారిగా ఎడమకి తిరుగుతుంది. తిరగకపోతే ఎదురుగా కాలవే. ఆయన వంతెనెక్కి, దిగి, ఆ మలుపు ముందు బ్రేకు వేసి ఆగి, రెండు హారన్లు కొట్టేవారు. ఆ రెండు హారన్లూ ఇంటిదాకా వినపడేవి. అవి విన్నాకే పిన్నిగారు కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టేవారు. ఒక్కసారి కూడా ముందు పెట్టలేదు.

మూడేళ్ళ కిందట, వాయుగుండం పట్టిన రోజున, నా కారు రెండు ముందు కాలిపర్లూ పట్టేశాయి. సముద్రపు గాలీ, చెరువుల రోడ్ల మీది ఉప్పు బురదా ఇనుముని ఊరికే వదలవు. చక్రాలు కాలిపోతున్న వాసన వస్తుంటే ఎలాగో ఆయన పాకలోకి చేర్చాను. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి కాకినాడలో మా అమ్మాయికి ప్రవేశ పరీక్ష. రాజమండ్రి నుంచి కొత్త కాలిపర్లు వచ్చేసరికి మధ్యాహ్నం నాలుగైంది. అప్పటికి కరెంటు లేదు. ఆకాశం కిందకి దిగి కూర్చుంది. గాలికి వాన జల్లు పాకలో సగం దాకా కొడుతోంది.

ఆయన ఆకాశం వైపు చూశారు. "వెలుతురు పోయిందండీ మాస్టారూ. రేపు పొద్దున్నే చేసేద్దాం."

నేను కాదనలేదు. కాదనడం నాకు రాదు. "మీ ఇష్టం బాబాయిగారూ. పాపకి పరీక్ష ఎనిమిదింటికి. ఏదోలా చూసుకుంటాం లెండి" అన్నాను. ఆ 'చూసుకుంటాం లెండి'కి ఎంత పదునుంటుందో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆయన తువ్వాలు తలకి చుట్టుకుని, టార్చిలైటు పళ్ళ మధ్య పట్టుకుని చక్రం దగ్గర కూర్చున్నారు. ఆయన కళ్ళలో శుక్లాలు ముదిరాయనీ, ఆపరేషన్ వాయిదా వేస్తున్నారనీ నాకు తరవాత తెలిసింది.

ఆయన పద్ధతి ఏమిటంటే, విప్పిన పాత ఎడమదాని పక్కన కొత్త ఎడమదీ, పాత కుడిదాని పక్కన కొత్త కుడిదీ గోనె పట్టా మీద పేర్చి, పోల్చి చూసుకుని మరీ బిగించడం. అలాగే పేర్చారు. జల్లు పెరిగేసరికి పట్టా తడుస్తోందని దాన్ని లోపలికి లాగింది నేను. ఆ లాగడంలో ఏది ఎటు దొర్లిందో నేను చూడలేదు. చూసినా నాకు తెలియదు.

బిగించడం అయింది. గాలి తీయడం మొదలైంది. తొక్కండి, తొక్కేను, పట్టేరా, పట్టేను. పిన్నిగారు రెండుసార్లు గొడుగేసుకుని వచ్చి, "జ్వరమొస్తుందండీ, రండి" అని పిలిచి వెళ్ళారు. ఆయన సీసా లోకి చూస్తూనే ఉన్నారు. "ఒక్క దొంగా రావట్లేదేంటండీ ఇవాళ" అన్నారు, తనలో తాను అన్నట్టు. 

పెడల్ నాకు మెత్తగా తగిలింది. ఇది నేను దాచి ప్రయోజనం లేదు. ఎన్నోసార్లు తొక్కిన కాలు, తేడా తెలియకపోవడమేముంది? తడి పిండి ముద్ద మీద కాలేసినట్టు దిగిపోతోంది. గబగబా నాలుగుసార్లు తొక్కితే కాస్త బిగుస్తోంది. ఒక్క నిమిషం ఆగితే మళ్ళీ మెత్తన.

ఆయన లేచి వచ్చారు. లేవడానికి రెండు చేతులూ డోరు మీద ఆనించాల్సి వచ్చింది. మోకాళ్ళ దాకా బురద, పెదాలు నీలంగా ఉన్నాయి. కిటికీలోంచి నా మొహంలోకి చూశారు.

"పెడల్ ఎలా ఉంది మాస్టారూ?"

"బాగానే ఉందండీ."

"నిజం చెప్పండి. గట్టిగా ఉందా?"

మెత్తగా ఉందంటే ఆయన మళ్ళీ ఆ బురదలో కూర్చుంటారు. అన్నీ విప్పుతారు. ఇంకో రెండు గంటలు. డెబ్బై ఏళ్ళ మనిషి, నా కోసం. మళ్ళీ ఆయన్ని కూర్చోపెట్టడానికి నాకు నోరు రాలేదు. ఇంటికెళ్ళాలని కూడా ఉంది. కొత్త కాలిపర్లు కదా, రెండు రోజుల్లో అదే సర్దుకుంటుందిలే, రేపు నిదానంగా నడుపుతాలే అని కూడా అనుకున్నాను. ఇవన్నీ రెండు క్షణాల్లో అనుకున్నాను.

"గట్టిగా ఉందండీ" అన్నాను.

ఆయన ఇంకాస్తసేపు చూసి, "దిగండి. మొదటి తిప్పు నాది" అన్నారు.

అప్పుడైనా చెప్పొచ్చు. తాళం చెవి ఆయన చేతిలో పెడుతున్నప్పుడు చెప్పొచ్చు. కారు గేటు దాటుతున్నప్పుడు కేకేసి చెప్పొచ్చు. నేను అరుగు మీద నిలబడి, "నిదానమండీ బాబాయిగారూ" అన్నాను. ఎర్ర దీపాలు వానలో గట్టు వెంట వెళ్ళిపోయాయి. పిన్నిగారు పాలగిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

ఇంజను చప్పుడు వినపడుతూనే ఉంది. వంతెన ఎక్కుతున్నప్పుడు చప్పుడు పెరిగింది. పైకెక్కాక తగ్గింది. ఇక దిగాలి, ఆగాలి. నేను వింటున్నాను. పాక మీద వాన, కాలవలో నీళ్ళ హోరు. పిన్నిగారు నా వైపు చూశారు. నేను ఆవిడ వైపు చూడలేదు. ఎంతకీ హారన్ రాలేదు.

"ఏంటండీ ఇంకా కొట్టలేదు?" అన్నారావిడ.

నేను పరిగెత్తాను.

కారు మలుపు తిరక్కుండా నేరుగా గట్టు దిగిపోయింది. ముందు చక్రాలు రెండూ కాలవలో ఉన్నాయి. ఎవరో ఎప్పుడో కొట్టేసిన కొబ్బరి మొద్దు ఒకటి అడుగున అడ్డుపడి ఆపింది, లేకపోతే మొత్తం నీళ్ళలోకే. లాకుల దగ్గరున్న ఇద్దరు మనుషులు అప్పటికే డోరు లాగుతున్నారు. ఆయన స్టీరింగ్ మీదికి వాలి ఉన్నారు, తెలివి ఉంది. కుడికాలు ఇంకా పెడల్ మీదే ఉంది, అడుగంటా నొక్కి. ఆ కాలు అక్కడినుంచి తియ్యడానికి మేం ముగ్గురం పట్టాల్సొచ్చింది. తుంటి ఎముక విరిగింది. ఆటోలో పడుకోబెడుతుంటే నా చెయ్యి పట్టుకుని, "పాపని బస్సులో తీసుకెళ్ళండి. మొదటి బస్సుకే వెళ్ళండి" అన్నారు. మర్నాడు ఆ కారులో ఉండవలసింది నేనూ, మా ఆవిడా, మా అమ్మాయీ. 

నాలుగోరోజు ఆసుపత్రికి వెళ్ళాను. ఆయన పైకప్పు వైపు చూస్తూ పడుకుని ఉన్నారు. నన్ను చూసి, మాట్లాడడానికి ఎదురుచూస్తున్నట్టు మొదలుపెట్టారు.

"తెలిసిందండీ. కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ వేసేను. నిప్పిళ్ళు రెండూ కిందకి వచ్చేయి. గాలి పైనుంటుంది గదండీ. కింద చిల్లు పెట్టి తీస్తే ఆయిలొస్తుంది గానీ గాలెలా వస్తుంది? అందుకే ఒక్క బుడగా రాలేదు. నా తప్పేనండీ. పని నేర్చుకునే పిల్లాడు కూడా చెయ్యని తప్పు."

"ఊరుకోండి బాబాయిగారూ" అన్నాను.

"కానీ మాస్టారూ." ఆయన తల నా వైపు తిప్పారు. "కాలిపర్ నిండా గాలుంటే పెడల్ మెత్తగా ఉండాలి గదండీ?"

ఫ్యాను తిరుగుతోంది. పక్క మంచం మీది మనిషి దగ్గుతున్నాడు. అప్పుడు చెప్పి ఉంటే అయిపోయేది. తిట్టేవారు. లేదా తిట్టేవారు కాదు. ఏదైనా సరే, అక్కడితో అయిపోయేది.

"ఏమోనండీ. నాకు గట్టిగానే తగిలిందండీ" అన్నాను.

"ఆయ్" అన్నారాయన.

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. 

ఆయన మళ్ళీ సరిగ్గా నడవలేదు. పానా పట్టుకోలేదు. నేను ఆ కారు అమ్మేశాను. తరవాత ఇంకోటి కొన్నాను గానీ, ఆ ఇంటికి మాత్రం ఎప్పుడూ కారులో వెళ్ళలేదు. నెలకోసారి, రెండు నెలలకోసారి బస్సులో వెళ్ళేవాణ్ణి. అమ్మాయికి సీటొచ్చిందని మిఠాయి పట్టుకెళితే ఎంతో సంతోషించి, తీపి ముట్టుకోకూడని మనిషి ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. ఊళ్ళో సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్ళం. ఆ రోజు సంగతి ఎత్తేవారు కాదు. నేను లేవబోయే ముందు మాత్రం ప్రతిసారీ ఒకటే ప్రశ్న.

"ఇంకేంటి మాస్టారూ?"

"ఏం లేదండీ."

ఆయన మంచం పక్క కిటికీలో ఉసిరికాయ పచ్చడి సీసా ఉండేది. ఆ రోజు తీసిన ఆయిల్ అలాగే ఉంది దానిలో, గొట్టం ముక్క వేలాడుతూ. పిన్నిగారు ఇల్లంతా దులిపినా దాన్ని మాత్రం ఆయన ముట్టుకోనిచ్చేవారు కాదట. కుర్చీ ఎప్పుడూ దానికెదురుగా వేసి ఉండేది. ఆ ఇంట్లో ఇంకో కుర్చీ లేదా అంటే, ఉంది. నాకు వేసేది మాత్రం అదే.

పోయిన వేసవిలో ఒకసారి చెప్పేద్దామనే వెళ్ళాను. బాగా చిక్కిపోయారు. కాలికి కట్టు, గదంతా మందు వాసన. ఇంకేంటి మాస్టారూ అన్నారు.

"బాబాయిగారూ, ఆ రోజు..." అన్నాను.

"చెప్పండి" అంటూ మోచేతి మీద లేచారు. అంత గబుక్కున లేస్తారని నేననుకోలేదు.

పిన్నిగారు అప్పుడే కాఫీ పట్టుకొచ్చారు. గ్లాసు నా చేతికిచ్చి, అక్కడే నిలబడి, "పంచదార సరిపోయిందా అండీ?" అన్నారు. ఒక్క గుక్క తాగాను. ఆ కాఫీలో పంచదారే లేదు.

"ఆయ్, సరిపోయిందండీ" అన్నాను.

నిజం చెప్పండి అంటారేమోనని ఆయన వైపు చూశాను. ఆయన మెల్లిగా వెనక్కి వాలి మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. ఆ తరవాత నేను ఆయన్ని చూడలేదు.

బస్సు దిగి గట్టు వెంట నడిచి వెళ్ళేసరికి పిన్నిగారు కొబ్బరి మొద్దు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి, "మీరింకా రాలేదేంటా అనుకుంటున్నానండీ" అన్నారు. నేను డ్యూటీ గురించి చెప్పాను. "ఆయ్" అన్నారు. పెద్దకార్యానికి కుదరని సంగతి చెప్పాను. దానికీ ఆయ్ అన్నారు. పాలు పొయ్యి మీద పెట్టి వచ్చి, నాకు కుర్చీ వేసి, తను గుమ్మంలో కూర్చున్నారు. మంచం తీసేశారు. కిటికీలో సీసా ఉంది.

"ఇదెందుకు దాచుకున్నారో మీకైనా తెలుసా అండీ? పారేద్దామంటే చెయ్యి రావట్లేదు" అన్నారు.

నేను సీసా వైపు చూస్తూ కూర్చున్నాను.

"చివరిదాకా మీ గురించేనండీ" అన్నారావిడ. "మీరు వచ్చెళ్ళిన ప్రతిసారీ ఒకటే మాట. మీ బస్సు చప్పుడు పోయేదాకా ఆగేవారు. ఆగి, 'ఇవాళ కూడా చెప్పలేదు' అనేవారు. ఏంటండీ చెప్పేదీ అంటే ఊఁహూఁ, పెదవి విప్పేవారు కాదు. పోయే ముందురోజు కూడా, మాస్టారొచ్చేరా అని అడిగేరండీ." కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "ఏం చెప్పాలండీ మీరు ఆయనకి?"

ఏం లేదండీ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మూడేళ్ళ అలవాటు.

"ఆ రోజు పెడల్ మెత్తగా ఉందండీ పిన్నిగారూ" అన్నాను. "నా కాలికి తెలిసింది. ఆయన రెండుసార్లు అడిగేరు. నేను గట్టిగా ఉందని చెప్పేను. నా మాట నమ్మి వెళ్ళేరు."

ఆవిడ ఆయ్ అంటారని చూశాను. వానొచ్చినా, కరెంటు పోయినా, దేనికైనా ఆ మాటే అనే మనిషి. అనలేదు. నా మొహంలోకి చూశారు, అచ్చం ఆయన కిటికీలోంచి చూసినట్టే. చూసి, గుమ్మం పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళారు. పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది. నేను చాలాసేపు కూర్చున్నాను. ఆవిడ మళ్ళీ బయటికి రాలేదు.